రెండువేల ఐదువందల ఇరవై ఒక్క చిలుకలు

అనగనగా, మీ అమ్మమ్మకి అమ్మమ్మ కూడా పుట్టకముందు, ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి అంటే ప్రాణం, నడిపివాడికి గుర్రం అంటే ప్రాణం. చిన్నవాడు మందారుడికి మాత్రం బంతి భోజనాల్లో వడ్డించడం ఇష్టం. ఆకు దొరక్క మూల నిలబడినవాళ్లు ముందు వాడికే కనిపించేవారు.

ధూమకర్ణుడనే మాంత్రికుడు పక్క రాజ్యపు రాకుమారి కనకమంజరిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. వాడి ప్రాణం అక్కడి ఒక చిలుకలో ఉంది. పెద్దన్న వెళ్లాడు, తప్పు చిలుక మెడ పట్టాడు, రాయైపోయాడు. నడిపన్న వెళ్లాడు, తప్పు చిలుక మెడ పట్టాడు, రాయైపోయాడు.

"అన్నలు లేకుండా నాకు ముద్ద దిగడం లేదు, నాన్నగారూ" అని మందారుడు కళ్లు తుడుచుకుని బయలుదేరాడు. దారిలో వాడు పెట్టిన అటుకులు తిన్న ముసలి తాబేలు, వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

దీవి నిండా చిలుకలే! "రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. రోజూ లెక్కపెడుతూనే ఉన్నాను" అంది కనకమంజరి. "ఇవి సమానమైన బంతులుగా కూర్చునే తింటాయి, బంతిలో కుదరక మిగిలినదానికి తిండి లేదు. పొద్దుగూకేలోగా మాంత్రికుడు వచ్చేస్తాడు, త్వరగా చూడండి!"

మందారుడు బంతికి రెండేసి చిలుకలకు గింజలు పోశాడు. ఒకటి మిగిలింది. మూడేసికి పోశాడు. ఒకటి మిగిలింది. నాలుగేసి, ఐదేసి, అలా పదేసి దాకా పోశాడు. ప్రతిసారీ ఒక్కటే మిగిలింది. ప్రతిసారీ అదే బక్క చిలుక!

"అదే! మెడ నులిమెయ్యండి!" అంది కనకమంజరి.

మందారుడు చెయ్యి చాచాడు. చిలుక కళ్లు మూసుకుంది. "కానివ్వు నాయనా. మాంత్రికుడి కంపు నా ఒంట్లో ఉందని అందరూ నన్నే వదిలేస్తారు. రాలిన గింజలు ఏరుకుని బతుకుతున్నాను. ఒక్కసారి అందరితో సమానంగా కూర్చుని తింటే వాడి ప్రాణం నాలోంచి జారిపోతుంది. అలా జరక్కూడదనే, ఎలా పంచినా మిగిలేలా వాడు ఏరి కోరి ఇన్ని చిలుకల్ని పెట్టాడు."

ఆకలితో ఉన్నదాని మెడ నులమడం మందారుడి వల్ల కాలేదు. ఇసుకలో చుక్కలు పెట్టి చూశాడు. పదకొండేసి పెడితే రెండు మిగిలాయి. పదమూడేసి పెడితే పన్నెండు మిగిలాయి. ఎన్నేసి పెట్టినా ఎన్నో కొన్ని మిగులుతూనే ఉన్నాయి. ఇంతలో మాంత్రికుడి పడవ కనిపించింది. కనకమంజరి బావురుమంది.

"ఏడవకండి రాకుమారీ! ఇన్ని బంతులెందుకు? ఒక్కటి చాలదూ?" అంటూ మందారుడు గింజల బస్తా ఎత్తుకుని ఒడ్డు పొడుగునా ఒకే గీతగా పోసుకుంటూ పరుగెత్తాడు. చిలుకలన్నీ ఒకే బంతిలో కూర్చున్నాయి. నడుమ ఒక్క చోటు ఖాళీ. పక్క చిలుక కాస్త మూతి ముడిచింది, ఆపైన కాస్త పక్కకు జరిగింది. "రా వదినా, కూర్చో."

బక్క చిలుక మొదటి గింజ మింగిందో లేదో, మాంత్రికుడు పడవలోంచి దబ్బున సముద్రంలో పడ్డాడు. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని "ఒరే తమ్ముడూ!" అని లేచాయి.

మందారుడికీ కనకమంజరికీ పెళ్లయింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. పెళ్లినాడు కోట చుట్టూ ఒకటే బంతి వేశారు. పెళ్లికూతురి పక్క ఆకు ఎవరిదనుకున్నారు? మన బక్క చిలుకది. అప్పటికి అదేం బక్కగా లేదు లెండి.