రెండో మనిషికి చోటులేని బావి

ప్రచండవర్మ మహారాజుగారికి తెలియని విద్య లేదట. ఆ మాట చెప్పింది కూడా ఆయనే.

ఆయన రాజధానిలో, కోట కట్టిన కూలీలు కాపురముండే రాళ్లపేటకు మంచినీళ్లు లేవు. ఆడవాళ్లు ఏటిదాకా నడిచి మోసుకొచ్చేవారు. రాజుగారు జాలిపడి, మేడలో కూర్చునే స్వయంగా పటం గీసి, పేటలో బావి తవ్వించారు. తోపులాట ఉండకూడదని చుట్టూ ఎత్తుగోడ, ఒక్క మనిషి పట్టే వాకిలి, లోపల ఒక్కరు నిలబడేంత చోటు పెట్టించారు.

నెల గడిచినా ఆ బావి వైపు ఎవరూ పోలేదు. అందరూ మళ్లీ ఏటికే నడుస్తున్నారు.

"విశ్వాసం లేని జనం! రేపే ఆ బావిని మా పూలతోటలో కలిపేయండి!" అని రాజుగారు మండిపడ్డారు.

పేట గుండెల్లో రాయి పడింది. అప్పుడు సున్నపు తట్టలు మోసే అంకమ్మ సభకొచ్చి దణ్ణం పెట్టింది.

"మారాజా, కొత్త బావిలో మొదటి బిందె కట్టించినోళ్లే తోడి నెత్తిన పెట్టుకు రావాల. మా పేట ఆనవాయితీ. తమరు రాందే మేమెట్టా ముట్టుకుంటాం?"

ఆ ఆనవాయితీ పుట్టి ఇంకా పూట కూడా కాలేదు. అయినా రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయి, మేళతాళాలతో బయల్దేరారు.

లోపలికెళ్లి నీళ్లు తోడారు. నిండు బిందెను చంకనెత్తుకుంటే వాకిట్లో పట్టలేదు. నెత్తికెత్తబోతే గుండెల దాకా వచ్చి ఆగింది. మళ్లీ ఎత్తారు, నిలువునా తడిశారు. మూడోసారి కిరీటం బావిలో పడింది.

"ఎవరక్కడ? ఒక చెయ్యి వేయండి!"

సేనాపతి పరుగున వచ్చి, బొజ్జతో సహా వాకిట్లో ఇరుక్కుపోయాడు.

గోడ అవతలి నుంచి అంకమ్మ అంది: "నిండు బిందె ఎవరికి వాళ్లం ఎత్తుకోలేం మారాజా. ఇంకొకరు చెయ్యేయాల. ఆ రెండో మనిషికి తమరు చోటు పెట్టలా."

"ముందే చెప్పొచ్చుగా!"

"తమ కోట రాళ్లన్నీ మోసిన నెత్తులండీ ఇయ్యి. వీటి మీద ఏం పెట్టాలో అందరికీ తెలుసు. లోపల ఏముందో ఇంతవరకూ ఒక్కరూ అడగలా."

లోపలినుంచి పకపకా నవ్వు వినిపించింది.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. నేను బయటికెట్లా రావాలి?"

"గోడ కొట్టేస్తే సరి. మావోళ్లు గడ్డపారలు పట్టుకునే వచ్చారు."

గోడ కూలింది. పేటవాళ్లు చెప్పిన కొలతలతో వెడల్పాటి గట్టు లేచింది. రాజుగారు తన మెడలోని ముత్యాలహారం అంకమ్మకిచ్చి, ఇకమీదట ఏ పేటలో ఏది కట్టినా ముందు ఆ పేటవాళ్లను అడగాలని ఆజ్ఞాపించారు.

పటాలు గీయడం మాత్రం ఆయన మానలేదు. గీసి అంకమ్మకు చూపించేవారు. ఆవిడ తల అడ్డంగా ఊపితే, నవ్వుకుంటూ తానే చింపేసేవారు.