చుక్క పెట్ట దాచిన మాట

అనగనగా ఒక పెరట్లో ఒక కోళ్ల పాక ఉండేది. దగ్గరికి జరగండి పిల్లలూ, ఇది కాస్త భయం వేసే కథ.

ఆ పెరడు పైడమ్మది. పాకకి మట్టి గోడలు, పైన తాటాకు కప్పు. లోపల పట్టపగలు కూడా మసక మసకగానే ఉండేది. ఆ పాకలో రెండు పెట్టలు చెరో మూలా గంపల్లో గుడ్లు పొదుగుతున్నాయి.

ఒకదాని పేరు కౌజు. ఒంటి మీద మూడు రంగుల ఈకలున్న పెట్టని కౌజు అంటారు. అందుకే దానికి ఆ పేరు. కౌజు ఎన్నోసార్లు గుడ్లు పొదిగి పిల్లల్ని పెంచిన తల్లి. ఒకసారి గద్ద మీదికి ఎగిరి పిల్లని విడిపించుకుంది కూడా.

రెండో పెట్ట పేరు చుక్క. నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లటి చుక్కలు. గుడ్ల మీద కూర్చోవడం దానికి అదే మొదటిసారి. దానికి అన్నీ భయాలే.

"అక్కా, ఉరుము ఉరిమితే గుడ్డులో పిల్ల చచ్చిపోతుందట కదా?" అని అడిగేది.

"అందుకేగా పైడమ్మ గంపలో బొగ్గుముక్క వేసింది. నువ్వు కూర్చో" అనేది కౌజు.

"అక్కా, నేను మేతకి దిగితే గుడ్లు చల్లారిపోవూ?"

"కాసేపటికేం కావు. తినకపోతే నువ్వే చల్లారిపోతావ్. వెళ్లి నాలుగు నూకలు ఏరుకునిరా, నేను చూస్తుంటాను."

అలా ఒకటి మేతకి దిగితే, ఇంకొకటి రెండు గంపలకీ కాపలా ఉండేది.

ఒక మధ్యాహ్నం పైడమ్మ అన్నం తిని వసారాలో చాప మీద నడుం వాల్చింది. ఆ పాకలోని ఎర్ర ఈకల పుంజు, డేగ, మిగతా కోళ్లతో పెరటి చివర మేస్తోంది. కౌజు కూడా మేతకి వెళ్లింది. పాకలో చుక్క ఒక్కతే ఉంది.

గోడ దగ్గర ఏదో జరజరమంది.

చుక్క తల తిప్పి చూసింది. గోడ పగులులోంచి నల్లటి తల ఒకటి బయటికి వచ్చింది. తల వెనక మెడ. మెడ వెనక ఒళ్లు. ఆ ఒళ్లు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. తాచుపాము!

చుక్కకి కూత బయటికి రాలేదు.

తాచు గంప అంచు మీద గడ్డం ఆనించింది. మెల్లగా, ఎంతో ముద్దుగా మాట్లాడింది.

"అరవకు తల్లీ. నాకు ఒక్క గుడ్డు చాలు. తీసుకుని వెళ్లిపోతాను. అరిచావో, అన్నీ మింగేసి, నిన్నూ కాటేసి మరీ పోతాను."

చుక్క కాస్త పక్కకి జరిగింది. కడుపు కింద చల్లగా ఏదో పాకింది.

"మంచి పిల్లవి" అంది తాచు గుడ్డు మింగి. "ఇంకో మాట. ఇది ఎవరికీ చెప్పకు. నేను ఈ గోడలోనే ఉంటాను. నేలకి ఒళ్లానించి పడుకుంటాను. నువ్వు ఎక్కడ గుసగుసలాడినా నాకు తెలిసిపోతుంది."

అది వెళ్లిపోయిన చాలాసేపటి వరకూ చుక్క ఈకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

కౌజు తిరిగి వచ్చి, "ఏమే, అలా ఉన్నావ్? ఒంట్లో బాగాలేదా?" అంది.

చుక్క నోరు తెరిచింది. కళ్లు గోడ పగులు మీదికి వెళ్లాయి. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకటి తనవైపే చూస్తున్నట్టుంది.

"ఏం లేదక్కా. ఉక్కపోత" అంది.

పోనీలే, ఒక్క గుడ్డేగా పోయింది, మిగిలినవి దక్కాయి కదా అని తనకి తానే చెప్పుకుంది.

ఒకసారి తేలిగ్గా తిండి దొరికిన చోటికి పాము మళ్లీ రాకుండా ఉంటుందా? వచ్చింది. మళ్లీ అదే మెల్లటి గొంతు. మళ్లీ ఒక్కటే అంది. చుక్క మళ్లీ పక్కకి జరిగింది.

మర్నాడు పొద్దున పైడమ్మ గంపలో చెయ్యి పెట్టి గుడ్లు తడిమి చూసింది. "ఏమిటిది, గుడ్లు తగ్గాయి! ఈ పందికొక్కుల్ని తగలెయ్య!" అని తిట్టుకుంటూ, తలుపు కింద సందులో రాయి పెట్టింది. పాపం, ఆమెకి గోడలో పగులు కనబడలేదు. చుక్క ఆ పగులు వైపు వెళ్లి ఒక్కసారి కొక్కొక్కొక్ అంటే చాలు, ఆమె చూసేదే. చుక్క కదల్లేదు.

ఆ రోజు మేతకి దిగినప్పుడు డేగ పుంజు దాని దగ్గరికి వచ్చింది.

"ఏమే చుక్కా, నూకలు ముట్టడం లేదు. పాకలోకి ఎవరైనా వస్తున్నారా? చెప్పు, నేనున్నాను కదా."

చుక్కకి ఏడుపొచ్చినంత పనైంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కాళ్ల కింద ఎండుటాకు ఒకటి చప్పుడైంది. నేలకి ఒళ్లానించి పడుకున్న పాము గుర్తొచ్చింది.

"ఎవరూ రావడం లేదు మావా" అంది, గబగబా పాకలోకి పరిగెత్తింది.

చూశారా పిల్లలూ, పాము అక్కడ లేదు. పాము లేని చోట కూడా చుక్క పాముకే భయపడింది.

రోజులు గడిచాయి. కౌజు చుక్క కంటే ముందే గుడ్ల మీద కూర్చుంది, దాని గుడ్లకి రోజులు నిండినట్టే. ఒక ఉదయం కౌజు మెడ వంచి, చెవి గుడ్లకి ఆనించి, మురిసిపోయింది.

"చుక్కా, వినవే! లోపల పిల్లలు కిచకిచమంటున్నాయి. రేపో మాపో పెంకు పగలగొడతాయి. ఇక నేను గంప దిగకూడదు. ఇవాళ్టికి ఒక్కసారి కడుపు నిండా మేసొస్తాను. నా గంప నీకు అప్పగించి పోతున్నాను. జాగ్రత్త."

"సరే అక్కా" అంది చుక్క.

కౌజు అలా గుమ్మం దాటిందో లేదో, గోడ దగ్గర జరజరమంది.

ఈసారి తాచు మాటల్లో ముద్దు లేదు. పడగ విప్పి గంప పక్కన నిలబడింది.

"ఇవాళ నాకు ఒక్కటి చాలదు. నీ గుడ్లన్నీ కావాలి. జరుగు."

చుక్క కడుపు కింద గుడ్లు వెచ్చగా తగులుతున్నాయి. అవన్నీ పోతాయి. అరుద్దామంటే పడగ ఎదురుగా ఉంది. అప్పుడు దాని నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"నావి వద్దు. అదిగో, ఆ మూల గంపలో కౌజక్క గుడ్లున్నాయి. నిండుగా ఉన్నాయి. అవి తీసుకో. నా జోలికి రానని మాటివ్వు."

తాచు పడగ దించింది. "సరే, నీ జోలికి రాను" అంది. అవతలి మూలకి పాకింది.

చుక్క రెక్కలో తల దూర్చుకుంది. అయినా వినబడింది. కౌజు గుడ్లలోంచి సన్నగా కిచకిచలు వినబడ్డాయి. తర్వాత కొన్నే వినబడ్డాయి. తర్వాత ఏమీ వినబడలేదు.

కౌజు తిరిగి వచ్చింది. గంపలోకి ఎక్కబోయి ఆగిపోయింది. తడిసిన గడ్డి, పగిలిన పెంకు ముక్క, బొగ్గుముక్క. అంతే.

అది గడ్డిని ముక్కుతో అటు తిప్పింది, ఇటు తిప్పింది. గంప కింద వెతికింది.

"చుక్కా, ఎవరొచ్చారే?"

"నేను చూళ్లేదక్కా. కునుకు పట్టింది."

కౌజు ఖాళీ గంపలోకి ఎక్కి, రెక్కలు పరిచి కూర్చుంది. లేని గుడ్లని ముక్కుతో తిప్పుతూనే ఉండేది. నూకలు ముట్టేది కాదు. చివరికి పైడమ్మ దాన్ని రోజూ పట్టుకుని తొట్టి నీళ్లలో ముంచి, ఎండలో వదిలేది. పెట్టకి పొదిగే యావ మాన్పించడానికి అలాగే చేస్తారు. తడిసిన ఈకలతో కౌజు పాక గుమ్మం పక్కనే నిలబడేది. లోపలికి రాదు, దూరంగా పోదు.

గుమ్మంలో ఆ నీడ కనబడినప్పుడల్లా చుక్క తల దించుకునేది. పాముకి భయం ఒక ఎత్తు, కౌజక్కకి తెలిసిపోతుందన్న భయం ఇంకో ఎత్తు. రెండింటి మధ్యా దానికి కునుకు లేదు.

కొన్నాళ్లకి చుక్క గుడ్లు పిల్లలయ్యాయి. పసుపుపచ్చవి, నల్లవి, చారలవి, బుజ్జి పిల్లలు. తల్లి కడుపు కిందకి దూరుతూ, బయటికి తొంగి చూస్తూ, కిచకిచలాడాయి. చుక్క వాటిని చూసుకుని, ఇన్నాళ్లకి ఊపిరి తీసుకుంది.

ఆ మధ్యాహ్నమే గోడ దగ్గర జరజరమంది.

"పిల్లలా! గుడ్ల కంటే బాగుంటాయి" అంది తాచు.

"నా జోలికి రానని మాటిచ్చావు కదా!" అంది చుక్క.

"ఇచ్చాను. అప్పుడు కడుపు నిండింది. ఇప్పుడు మళ్లీ ఆకలేసింది." తాచు మరి కాస్త దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది. "గుమ్మం బయట కౌజు ఉంది, చూశావా? అరిచి చూడు. ఆ గంప ఎవరు చూపించారో నేనూ చెబుతాను."

చుక్క నోరు మూసుకుంది. ఒక్క క్షణమే మూసుకుంది. ఆ క్షణంలోనే ఒక చారల పిల్ల తల్లి రెక్క కింద నుంచి బయటికి వచ్చి, అదేమిటో అని పాము వైపు నడిచింది. తాచు తల విసిరి దాన్ని నోట కరిచింది. పిల్ల ఒక్కసారి కీచుమంది.

అప్పుడు చుక్క అరిచింది. ఇన్నాళ్లూ గొంతులో దాచుకున్న కూతలన్నీ ఒక్కసారే బయటపడ్డట్టు, పాక కప్పు అదిరేలా అరిచింది.

"అక్కా! పాము! పాము అక్కా!"

ముందు వచ్చింది కౌజే. గుమ్మంలోంచి ఒక్క ఎగురు ఎగిరి తాచు నడుం మీద దిగింది. గోళ్లతో గీరింది, ముక్కుతో పొడిచింది. పిల్ల తాచు నోట్లోంచి జారిపడింది. తాచు మెలి తిరిగి కాటు వేయబోతే నోటి నిండా తడి ఈకలే దొరికాయి.

తాచు బుసకొట్టింది. "నా మీదికి వస్తావేమే పిచ్చిదానా! నీ గంప చూపించింది ఈ చుక్కే!"

కౌజుకి ఆ మాట వినబడింది. వినబడినా ముక్కు ఆగలేదు.

చుక్క కూడా గంపలోంచి దూకి పడగ వెనక పొడిచింది. డేగ పుంజు పరిగెత్తుకొచ్చింది. మిగతా కోళ్లన్నీ గుమ్మంలో చేరి గోల గోల చేశాయి. వసారాలో పైడమ్మ ఉలిక్కిపడి లేచి, చేతికందిన కర్రతో వచ్చింది. "అమ్మో, తాచు!" అంటూ ఒక్క దెబ్బ వేసింది. దెబ్బ నడుం మీద పడింది. తాచు సగం ఒళ్లు ఈడ్చుకుంటూ పగులులో దూరి, గోడ అవతలి ముళ్లకంపలోకి పోయింది. మళ్లీ ఆ పెరట్లో దాని జాడ లేదు. పైడమ్మ అప్పటికప్పుడు మట్టి కలిపి పగులు పూడ్చేసింది.

చారల పిల్ల మాత్రం లేవలేదు.

పాకలో గోల అణిగింది. చుక్క ఆ పిల్ల పక్కన తల వాల్చేసి నిలబడింది.

"అది చెప్పింది నిజమే అక్కా. నేనే చూపించాను. నా గుడ్లు దక్కుతాయని చూపించాను. అరిస్తే చంపేస్తానంది. ఎవరికీ చెప్పొద్దంది. భయమేసింది."

కౌజు మెడ ఈకలు కోపంతో లేచి ఉన్నాయి.

"భయమేసిందా? పామంటే నాకూ భయమే. ఇప్పుడు కూడా నా కాళ్లు ఆగడం లేదు, చూడు" అంది. "అరవొద్దని అది నిన్ను అన్నిసార్లు ఎందుకు బతిమాలిందే? ఎందుకు బెదిరించింది? నీ కూతంటే దానికి చచ్చేంత భయం గనక. నువ్వొక్కసారి అరిచావు, మేమంతా వచ్చాం. మొదటి రోజు అరిచినా వచ్చేవాళ్లమే కదే!"

చుక్క ఆ చారల పిల్లని ముక్కుతో మెల్లగా కదిపింది.

"నా పిల్లల్ని నువ్వు తేలేవు. ఈ పిల్లనీ లేపలేవు" అని కౌజు బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు చుక్క తన పిల్లల్ని వెంటబెట్టుకుని మొదటిసారి పెరట్లోకి వచ్చింది. కోళ్లన్నీ మేత దగ్గర చేరాయి. అది అందరి ముందూ నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ అడక్కుండానే చెప్పింది. కొన్ని పెట్టలు మొహం తిప్పుకున్నాయి. ఒకటి వచ్చి ముక్కుతో పొడిచింది కూడా. చుక్క తప్పుకోలేదు.

కౌజు దూరంగా ఎండలో ఒంటరిగా కూర్చుని ఉంది. పిల్లలకేం తెలుసు? వాటిలో ఒక నల్ల పిల్ల, చలేసిందో ఏమో, గునగునా నడుచుకుంటూ వెళ్లి కౌజు రెక్క కింద దూరబోయింది.

కౌజు బిగుసుకుపోయింది. పొడుస్తుందేమోనని కోళ్లన్నీ మెడలు చాచి చూశాయి. కౌజు పిల్ల వైపు చూసింది. చుక్క వైపు చూసింది. తర్వాత మెల్లగా, ఎంతో మెల్లగా, రెక్క ఎత్తింది.

చుక్క ఆ పిల్లని వెనక్కి పిలవలేదు.

నీతి: "ఎవరికీ చెప్పకు" అని బెదిరించేవాడి అసలు భయం మనం చెప్పేస్తామనే. భయం వేసిన మొదటి రోజే మనవాళ్లకి చెప్పాలి. దాచిన భయం మనతో పాటు పక్కవాళ్లనీ ముంచుతుంది.