తోకరాయుడు చించేసిన చిట్టీలు

జంతువుల కథ అనగానే నక్కనీ కాకినీ పిలవడం మనకు అలవాటు. ఈసారి వాటికి సెలవు. ఈ కథ జరిగింది ఒక గేదెదూడ కడుపులో. అక్కడుండే క్రిములు కంటికి కనపడవు గానీ, మాటకారితనంలో ఊరివాళ్లకేం తీసిపోవు.

చుక్కమ్మగారి పాకలో నేరేడు అనే గేదె తెల్లవారుతూనే ఈనింది. అది దూడను నాకింది, దూడ దాని ఒళ్లు నాకింది. ఆ నాకుడులోనే నేరేడు పేగుల్లో పుట్టి పెరిగిన పోలమ్మ అనే ముసలి క్రిమి, పిల్లాజెల్లాతో సహా దూడ నోట్లో పడి, మెల్లగా దాని పేగుల్లోకి చేరింది.

చేరిన మొదటి పూటే పోలమ్మకు ఏడుపొచ్చింది. పుట్టింట్లో ఎంత సందడి! జొన్నచొప్ప నానిన వాసన, పైన నేరేడు నెమరేస్తుంటే కింది దాకా వినపడే గుడగుడ, ఎటు ఈదినా ఎవరో ఒక పిన్నో బాబాయో ఆపి మాట్లాడేవాళ్లు. అక్కడ పోలమ్మ తోకంటే పేరున్న తోక. ఒక్క విసురు విసిరిందంటే ఈ మలుపు నుంచి ఆ మలుపుకి పోయేది. ఇక్కడ చూస్తే నున్నటి గోడలు, పైనుంచి ఒళ్లు మండించే పైత్యరసం, పలకరించే నాథుడు లేడు.

పిల్లలకు బెంగ తీరాలని ఆమె పొద్దస్తమానం ఆ పాత ముచ్చట్లే చెప్పేది. నిజానికి బెంగ ఆమెది. చిట్టచివరి పిల్ల సింగారి కళ్లార్పకుండా వినేది, ముఖ్యంగా తోక కబుర్లు.

పోలమ్మ జాతిలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరి ఒంట్లో తాతల నాటి పెద్ద పుస్తకం ఉంటుంది. ఏది కావాలన్నా అందులో ఆ పుట చూసి, నకలు రాసి పనివాళ్లకు పంపాలి. నకలు అందగానే వాళ్లు తోకలు చేస్తారు, గోడలు కడతారు, తిండి అరిగించే సరంజామా తయారు చేస్తారు. అయితే వాళ్లకు చెయ్యడమే తెలుసు, ఆపడం తెలియదు. ఆపడానికి ఆ పుస్తకంలోంచే చిన్న చిన్న చిట్టీలు బయల్దేరతాయి. వాటితో ఏ వస్తువూ తయారవదు. తనకు జతైన నకలును వెతుక్కుంటూ పోయి దాని మీద అంటుకుని కూర్చోవడమే చిట్టీ పని. అక్షరం కనపడక పనివాడు ఆగిపోతాడు, నకలు చిరిగి చెత్తలో పడుతుంది. మడతపడి ఉన్న నకలును విప్పి చదివించే చిట్టీలు కూడా కొన్ని ఉంటాయి. చదువుకున్నవాళ్లు వీటిని చిన్న ఆర్‌ఎన్‌ఏలు అంటారు. పోలమ్మ అమ్మమ్మ మాత్రం వాటిని ‘ఇంటి పెద్దల మాట’ అనేది.

దూడ కడుపు సంగతి పోలమ్మ ఒంటికి తెలియగానే చిట్టీలు బయల్దేరాయి. ఇక్కడ ఇనుము కరువు, ఇనుము తినే పనులు తగ్గించండి. పైత్యరసం దూరకుండా పైగోడ కంతలు మూసుకోండి. గోడను పట్టుకునే నూగు మొలిపించండి. ఆఖరున వచ్చిన చిట్టీ తోకలు ఆపమంది.

ఆ తోక ఒక్కటే పోలమ్మకు పుట్టింటి నుంచి మిగిలిన సొత్తు. ‘ఈదడానికి చోటున్నప్పుడు తోక, నిలవడానికి చోటు కావాలన్నప్పుడు నూగు’ అని అమ్మమ్మ అనేది. ఆ మాట తలుచుకుని, కళ్లు తుడుచుకుని, తోక ఆపుకుంది. పిల్లల చేత కూడా ఆపించి, గోడ పట్టుకుని కూర్చుంది.

రెండో రోజు దూడ పాక పక్క మురికిగుంటలో మూతి పెట్టింది. ఆ నీళ్లతో తోకరాయుడు దిగాడు. వాడు విషం కక్కే జాతివాడు, వెనక మందంతా వాడి బిడ్డలే. సాయంత్రానికల్లా దూడకు పారుడు పట్టుకుంది. మూడో రోజుకు కళ్లు తేలేసింది. వాడు గోడ పట్టుకుని కుదురుకున్నాడంటే దూడ దక్కదు. దూడే పోతే పోలమ్మ సంసారం కూడా దానితో పాటే మట్టిలో కలుస్తుంది.

బయట పాకలో నేరేడు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈనిన గేదె జున్నుపాలు ఏడిళ్లకు పంచడం చుక్కమ్మగారి ఆనవాయితీ. రెండు రోజులుగా తపేలాకే పోతున్నాయి, దూడకు దక్కేది చివరి నాలుగు చుక్కలు. పక్క రాట దగ్గరి ముసలి ఎద్దు సాధు అంతా చూస్తూనే ఉన్నాడు.

“రేపు పొద్దున తపేలా తెస్తే చేపకు. పాలు పైకి పట్టేసుకో,” అన్నాడు.

“తంతారేమో బావా.”

“నా వీపు చూడు. నాగలి దగ్గర ఎన్ని తిన్నానో. దెబ్బ మానుతుంది, దూడ మళ్లీ రాదు.”

ఇక్కడ లోపల తోకరాయుడు ఊరు చూడబోయినట్టు తిరుగుతూ పోలమ్మ దగ్గర ఆగాడు.

“ఏం ముసల్దానా, తోక పడిపోయిందా?”

“పడిపోలేదు నాయనా, ఆపుకున్నాను. చిట్టీ వచ్చింది.”

“మాకూ వచ్చాయి. తోకలు ఆపమనీ, ఇనుము పొదుపు చెయ్యమనీ ఒకటే గోల. సరే, ఇవాళ ఆపేద్దామనుకుంటున్నా.”

పోలమ్మకు గుండెంటూ లేదు గానీ, ఉంటే ఆ క్షణాన జారిపోయేదే. చిట్టీ మాట విన్నాడంటే వీడిక గోడ వదలడు. బలంతో తోసేద్దామంటే వాడు పదింతలు. కానీ పొగడ్తకు పడని పొగరుబోతు ఈ లోకంలో పుట్టలేదని ఆమెకు తెలుసు.

“ఆపెయ్యి నాయనా,” అంది జాలిగా. “మాలాంటి లేనివాళ్లు ఎలాగూ అణిగే బతకాలి. నీ వరస వేరనుకున్నాను. ఇంత మందిని వెంటేసుకొచ్చినవాడు కూడా చిటికెన వేలంత చిట్టీకి తల వంచాలంటే, ఇక మొనగాళ్లెవరున్నారు?”

“ఎవరు వంచేది?”

“చిట్టీ వచ్చిందని నువ్వేగా అన్నావు. దానిది పనిచేసే మొహం కాదు, ఒక వస్తువు తయారు చేసింది లేదు, పనివాళ్లకు అడ్డం కూర్చోవడం తప్ప. అయినా నాకెందుకులే, పెద్దల మాట వినడమే మంచిది.”

వినమన్నది గనక వాడు వినలేదు. అప్పటికప్పుడు బిడ్డలందరినీ పోగేసి, కనపడిన చిట్టీనల్లా చించి పారెయ్యమన్నాడు. తోకలు ఇంకా జోరుగా తిప్పమన్నాడు. ఇనుము తినే పనులన్నీ రెట్టింపు చెయ్యమన్నాడు. పేగులు హోరెత్తిపోయాయి. పోలమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుని, ఎవరూ కదలొద్దని గట్టిగా చెప్పింది.

పొద్దున చుక్కమ్మ తపేలా పట్టుకొచ్చింది. నేరేడు చేపలేదు. పొదుగు ఎంత నిమిరినా, తవుడు చూపించినా, చివరికి రెండు దెబ్బలేసినా ఒక్క చుక్క రాల్చలేదు. చేసేది లేక చుక్కమ్మ దూడను ఎత్తి తెచ్చి పొదుగు దగ్గర నిలబెట్టింది. అప్పుడు చేపింది నేరేడు, నాలుగు చన్నులూ ధారలు కట్టేలా. పొట్ట నిండా తాగింది దూడ.

జున్నుపాలు లోపలికి దిగాయి. ఇనుమును మూటగట్టేసే గుణం ఆ పాలకుంది, అది కడుపులో ఉన్న కాస్త ఇనుమునూ లాగేసుకుంది. పొదుపు చేసుకున్న పోలమ్మ ఇంటికి ఏ లోటూ రాలేదు. తోకరాయుడి పనివాళ్లు మాత్రం సగం చేసిన పనుల మధ్య చేతులు వేలాడేశారు. ఆ పాలతోనే తల్లి పంపిన కాపలావాళ్లు దిగారు. వాళ్లకు మొహాలతో పనిలేదు, తోకలే గుర్తు. కదిలిన తోకనల్లా పట్టి నలుగురిని ఒక ముద్దగా కట్టి కిందికి తోశారు.

ఆ హోరులో సింగారి గోడ వదిలేసింది. అమ్మ చెప్పిన తోక కబుర్లు తలకెక్కి, అంత నీరు ఒక్కసారి కనపడేసరికి ఆగలేక ఒక్క విసురు విసిరింది. కాపలావాళ్లకు మనదీ పరాయిదీ తేడా లేదు. పోలమ్మ చూస్తుండగానే సింగారి కూడా ఆ ముద్దల్లో కొట్టుకుపోయింది.

రెండు రోజుల్లో దూడ లేచి గెంతింది. పోలమ్మ గెలిచింది గానీ, గెలిచిన సంతోషం ఆమెకు లేదు. పిల్లను చంపింది తోకరాయుడు కాదు, తన కబుర్లేనని కుమిలిపోయింది. ఆ తర్వాత కూడా పుట్టింటి ముచ్చట్లు చెబుతూనే ఉంది, చెప్పకుండా ఉండలేదు. కాకపోతే ఇప్పుడు తోక గురించి కాదు, అమ్మమ్మ ఎప్పుడెప్పుడు ఏది ఆపుకుందో అదే చెబుతుంది.

తోకరాయుడు పేడకుప్పలో తేలాడు. ఎండకు సగం ఎండి, ఇంకా మిగిలిన తోకముక్క తిప్పుతూ ఉండగా పేడపురుగు ఒకటి వచ్చి, అంత సైన్యంతో వెళ్లినవాడు ఇలా ఎలా వచ్చాడని అడిగింది.

“ఒక ముసల్ది మోసం చేసింది.”

“ఏమని?”

తోకరాయుడు గుర్తు చేసుకున్నాడు. “పెద్దల మాట వినమంది.”

పేడపురుగు వాడిని ఓసారి ఎగాదిగా చూసి, పేడతో కలిపి వాడిని కూడా ఉండ చుట్టుకుని దొర్లించుకుపోయింది.

నీతి: చెయ్యమనే మాటతో ఇల్లు లేస్తుంది, ఆపమనే మాటతో ఇల్లు నిలుస్తుంది.