రాకాసిగూడు

కొత్త మండపం ముందు స్తంభం మూడు రోజులుగా నేలమీదే పడుంది. ఎత్తడానికి ఊరు ఊరంతా సిద్ధం. చెక్కిన కుర్మయ్య మాత్రం ససేమిరా అంటున్నాడు. స్తంభం అడుగుభాగాన తన పేరు చెక్కుతానని అతని పట్టు. కుదరదని ఊరిపెద్దల పట్టు.

"నా పేరు లేకుంటే నేను లేపను మేస్త్రీ," అన్నాడు గురువు తిమ్మప్పతో. "ఏడేండ్లు నీ దగ్గర పని నేర్చిన. రేపు నేను సచ్చినంక ఈ పని నాదని ఎవనికెరుక?"

నిజం చెప్పొద్దూ, స్తంభం అద్భుతంగా కుదిరింది. ఆ సంగతి అందరికంటే కుర్మయ్యకే బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తిమ్మప్ప వాదనకు దిగలేదు. "పెద్ద పనోళ్ళ పని ఒకటి సూసొద్దాం, రా" అని మర్నాడు తెల్లారగానే బయల్దేరదీశాడు.

నాలుగు కోసులు నడిచి గుట్ట ఎక్కారు. మూడు పక్కలా నిలబెట్టిన పలకబండలు, వాటి నెత్తిన ఏనుగంత కప్పుబండ. ఏ కాలంలో నిలబెట్టారో చెప్పగలవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

కుర్మయ్య చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు.

"ఇదేం పని మేస్త్రీ? నునుపు లేదు, ఒక పువ్వన్న లేదు."

"చేసినోని పేరుంటదేమో, ఎతుకు," అంటూ తిమ్మప్ప నీడన కూలబడి బీడీ ముట్టించాడు.

కుర్మయ్య వెతికాడు. బయట లేదు. బోర్లా పడుకుని లోపలికి పాకాడు. అక్కడా లేదు. నిలువుబండకీ కప్పుబండకీ మధ్య సందులో వేళ్ళు పెట్టి తడిమాడు. ఏదో తగిలింది.

రెండు రాతిపెచ్చులు. ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి, సన్నటి అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా దోపి ఉన్నాయి. బండ కదలకుండా అలా ఎదురెదురుగా దోపడం నేర్చుకోవడానికి కుర్మయ్యకి నాలుగు నెలలు పట్టింది. రెండు గోళ్ళు ఊడిపోయాయి. ఆ పెచ్చులమీంచి చాలాసేపు చెయ్యి తియ్యలేకపోయాడు.

ఈలోగా గొర్రెలు తోలుకుంటూ ఒక ముసలమ్మ అటు వచ్చింది.

"ఓ కొడకా, అండ్లకెల్లి బయటికి రా! అది రాకాసిగూడు, మనుసులు కట్టింది గాదు. రాకాసులు కట్టిన్రు."

కుర్మయ్య ఒంటినిండా దుమ్ముతో బయటికి దూసుకొచ్చాడు. పౌరుషం నషాళానికంటింది.

"రాకాసులేంది పెద్దమ్మా! మనుసులే కట్టిన్రు. మావోళ్ళే! కావాల్నంటే రా, ఆ పెచ్చులు సూపిస్త. గట్ల దోపనీకె మావోళ్ళకు తప్ప ఇంకెవలికొస్తది?"

అంటూ రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. స్తంభం చెక్కిన రోజున కూడా అతను అంత ఎత్తుగా నిలబడలేదు. ముసలమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, తలాడించి, గొర్రెల వెంట పోయింది.

తిమ్మప్ప బీడీ నేలకు రాసి ఆర్పాడు.

"పేర్లు దొరికినయారా?"

"లేవు మేస్త్రీ."

"మరి మావోళ్ళే అంటివి?"

కుర్మయ్య ఒకసారి కప్పుబండకేసి చూసి, "నడు మేస్త్రీ, స్తంభం లేపాలె," అంటూ ఊరివైపు గుట్ట దిగడం మొదలుపెట్టాడు. ఎంత వేగంగా దిగాడంటే, అరవై దాటిన తిమ్మప్ప అతణ్ణి అందుకోవడానికి పరుగెత్తాల్సి వచ్చింది.