నాడాలు లేని గుర్రం

“రాతిబాట ప్రజలందరిదీ. దాని మీద ఎవరినీ ఆపం.” పట్టాభిషేకం నాడు రాజు ఇచ్చిన ఈ మాట ఏడాది కూడా నిలవలేదు. దళపతి భైరవరాయుడి బావమరిది నాడాల కొలిమి పెట్టగానే కొత్త శాసనం వచ్చింది. నాడాలు లేని గుర్రం రాళ్ల మీద నడవలేదట, కాబట్టి బాట మీద కనిపిస్తే కోటకు జప్తు! దోపిడీకి శాసనమని పేరు పెట్టారు.

మంత్రసాని నూకాలు తన గుర్రానికి ఎన్నడూ నాడాలు కొట్టించలేదు. గుట్టల్లో తిరిగి తిరిగి దాని గిట్టలే రాటుదేలాయి. ఆవేళ పై ఊళ్లో ఒకామె నొప్పులు పడుతోందని కబురొస్తే, నూకాలు దాని మీద హడావిడిగా బయల్దేరింది. బాట మీద దళపతీ అతని భటులూ అడ్డుపడ్డారు.

“దిగవే! గుర్రాన్ని కోటకు తోలండ్రా,” అన్నాడు దళపతి.

నూకాలు దిగింది. “ఎట్లా తోలతారు దొరా? కోటకు ఈ రాతిబాట తప్ప దారి లేదు. నాడాల్లేనిది దీని మీద నడవలేదన్నది మీరే. నడిపించారా, మీ శాసనం అబద్ధం. కాదు నిజమే అంటారా, కోట దారి బండి ఎక్కని ఎత్తాయె, మోసుకుపోండి!”

ఒక భటుడు నిజంగానే గుర్రం పొట్ట కింద భుజం పెట్టాడు.

“భుజం మార్చుకో అన్నా!” అని ఎవరో అరిచారు. బాట పక్కన మూగిన జనం గొల్లున నవ్వారు.

దళపతి ముఖం కందిపోయింది. “ఆలోచించి చెప్తాం,” అని గొణిగాడు.

“అందాకా బిడ్డ ఆగదు దొరా!” నూకాలు ఒక్క ఉదుటున గుర్రమెక్కింది. “శాసనం రద్దు చేస్తారో, గుర్రాన్ని మోస్తారో, కార్తీక పున్నమిలోగా చెప్పండి.”