నూట నలభై మూడు పరుగులు

మూడు నెలలైనా తస్లీమాకు కుర్చీ దొరకలేదు.

రాయచోటి శివారులో ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ఖలందర్ ఉస్తాద్ ఒకప్పుడు కువైట్‌లో ఇరవై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి వచ్చాడు. పొద్దున దర్గా పని అయ్యాక, వరండాలో కుర్చీ వేసుకుని జనానికి ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టేవాడు. చుట్టుపక్కల ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు, అర్జీలకు కొదవ లేదు.

తస్లీమా ఆయన శిష్యురాలు. చాప మీద కూర్చుని చూడటం, నేర్చుకోవడం ఆమె పని. రాసే వంతు మాత్రం ఇంకా రాలేదు.

ఉస్తాద్‌కు ఒక అలవాటు. ఎవరొచ్చినా ముందు రాగి గ్లాసులో నీళ్లు ఇచ్చేవాడు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా పెన్ను మూత తీసేవాడు కాదు. కొందరు గుక్కలో తాగేసేవారు. కొందరు రెండు గుక్కలు తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని అరగంట మాట్లాడేవారు.

తస్లీమా ఫోన్లో టైమ్ చూసి లెక్క కట్టింది. గ్లాసుకు సగటున పంతొమ్మిది నిమిషాలు. అర్జీ రాయడానికి ఆరు.

"ఉస్తాద్, ఈ నీళ్లు తీసేస్తే రోజుకి పదిహేను అర్జీలు రాయొచ్చు," అంది.

"అట్లనా? అయితే తీసేద్దాం," అన్నాడు ఆయన.

మర్నాడు మళ్లీ కూజా వచ్చింది, గ్లాసూ వచ్చింది.

తస్లీమా ఊరుకునే రకం కాదు. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల. ఇంగ్లీషులో జరిగిపోయిన పని చెప్పే మాట తర్వాత ఏ చిన్న మాట వస్తుందన్నది రూల్స్ పుస్తకంలో చూసి నేర్చుకోవడం ఆమెకు నచ్చలేదు. లోకం నిజంగా ఏం రాస్తోందో లెక్కపెట్టాలి అనుకుంది. పాత ఇంగ్లీషు పేపర్లు తెచ్చింది. ఉస్తాద్ దాచిన పాత అర్జీల కట్టలు విప్పింది. మూడు నెలల్లో ఆరు వేల మూడు వందల పన్నెండు వాక్యాలు నోట్‌బుక్‌లోకి ఎక్కించింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ నోట్‌బుక్ తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది.

"చూడండి. 'అరైవ్డ్' తర్వాత పేపర్లలో 'ఎట్' రెండు వందల పన్నెండు సార్లు, 'ఇన్' నూట ఎనభై ఏడు సార్లు. 'టు' ఒక్కసారి కూడా రాలేదు. మనోళ్ల అర్జీల్లో మాత్రం నలభై చోట్ల 'అరైవ్డ్ టు'. 'డిస్కస్డ్' తర్వాత పేపర్లలో ఏ చిన్న మాటా ఉండదు. మన అర్జీల్లో 'అబౌట్' తోకలా వేలాడుతా ఉంటుంది."

ఉస్తాద్ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ముచ్చటగా చూశాడు.

"ఆ తోక నా అర్జీల్లో గూడా ఉందా?"

"పదకొండు చోట్ల ఉంది ఉస్తాద్."

"యా అల్లా!" ఆయన పడీపడీ నవ్వాడు. "కువైట్‌లో పదకొండు మంది ఆఫీసర్లు నన్ను చూసి నవ్వుకుని ఉంటారు."

తస్లీమా నవ్వలేదు. "మరి నాకు కుర్చీ ఎప్పుడిస్తారు?"

ఉస్తాద్ ఆమె మొహంలోకి ఒక క్షణం చూశాడు. లేచాడు. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"ఇప్పుడే. నేను జుమా నమాజుకు పోయొస్తా. వచ్చినోళ్లకు నువ్వే రాయి."

ఆయన గేటు దాటీ దాటకముందే రెడ్డెమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. రొప్పుతోంది.

"సాయిబన్న లేడా?"

"నేనున్నా, చెప్పక్కా."

"నువ్వా? నిండా ఇరవై ఏళ్లు గూడ లేవే!"

"ఇరవై రెండు. చెప్పు."

రెడ్డెమ్మ గడప మీద కూలబడింది. "మా చెల్లెలు ఓబులమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తాండె. ఇల్లు విడిచి పారిపోయిందని మేడం కేసు పెట్టింది. ఇరవై మూడు దినాలాయ, షెల్టర్లో పెట్టినారు. కేసు నిలబడితే ఇంక దానికి పనీ లేదు, ఇంటికి వచ్చే దోవా ల్యా. ఎంబసీకి ఇయ్యను ఒక కాగితం కావాల. మా పక్కింటి ఇమాంబాషా ఇయ్యాలే కువైట్‌కు విమానం ఎక్కుతాండాడు, మూడింటికి మద్రాసుకు బండి. ఆ అబ్బి చేతికే ఇయ్యాల."

తస్లీమా టైమ్ చూసింది. ఒంటిగంటా ఇరవై. కూజా వైపు చూసింది. నీళ్లకు ఇది సమయమా!

"ఆ రోజు ఏమైంది?"

"ఏమున్నాది పాపా, ఇంట్లోంచి ఒగటే పరుగంట. కాళ్లకు చెప్పులు గూడ ల్యాకుండా..."

"చాలక్కా, అర్థమైంది."

నోట్‌బుక్ తీసింది. పరుగెత్తడం, 'ర్యాన్'. మొత్తం నూట నలభై మూడు. దాని తర్వాత 'అవే ఫ్రమ్', అంటే ఫలానా చోటి నుంచి పారిపోయి రావడం, అరవై ఒక్కటి. 'ఇన్‌టు' ముప్పై నాలుగు. 'టు', అంటే ఫలానా చోటికి పరుగెత్తడం, ఇరవై తొమ్మిది. మిగతావి పంతొమ్మిది. గల్ఫ్ అర్జీల్లో అయితే మొదటిదే ఎక్కువ. అనుమానమే లేదు.

ఆరు నిమిషాల్లో అర్జీ అయిపోయింది. ఒక్క కొట్టివేత లేదు. తోకలు లేవు. తస్లీమా దాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయింది. ఉస్తాద్ వచ్చేదాకా ఉండమని, రెడ్డెమ్మను తనే ఆపింది.

రెండు అవుతుండగా ఉస్తాద్ వచ్చాడు. తస్లీమా కాగితం చాచింది. ఆయన అందుకోలేదు. చాప మీద కూర్చున్నాడు.

"నాకెందుకు? ఆయమ్మకు చదివి వినిపించు. తెలుగులో."

తస్లీమా గొంతు సవరించుకుంది. "అయ్యా, నా చెల్లెలు ఓబులమ్మ పని కష్టం తట్టుకోలేక యజమాని ఇంటి నుంచి పారిపోయింది. దయచేసి ఆమెను క్షమించి..."

రెడ్డెమ్మ లేచి నిలబడింది.

"ఎవురు పారిపోయింది?"

తస్లీమా ఆగింది.

"ఎవురు పారిపోయింది పాపా? ఆ మేడం పెట్టిన కేసే కదా ఇది! దాన్నే మళ్లీ నా చేత చెప్పిస్తివా? నేను పారిపోయిందన్నానా? పరిగెత్తిందన్నా!"

"మరి... ఎక్కడికి?"

"ఆస్పత్రికి! వాళ్ల బిడ్డను ఎత్తుకోని!"

తస్లీమా చెవులు ఎర్రబడ్డాయి. గబగబా పెన్ను తీసింది.

"ఒక్క మాటే ఉస్తాద్. ఒక్క మాట కొట్టేసి మారుస్తా. రెండు నిమిషాలు. బండి టైమ్ అవుతోంది."

ఉస్తాద్ చెయ్యి చాచి ఆమె వేళ్ల మధ్య నుంచి పెన్ను తీసుకున్నాడు. మూత పెట్టాడు. ఖాళీ అయిన ఆమె చేతిలో కూజా పెట్టాడు.

తస్లీమా టైమ్ చూసింది. రెండూ అయిదు. గ్లాసు నింపి రెడ్డెమ్మకు ఇచ్చింది. సగం నీళ్లు గచ్చు మీద ఒలికాయి.

రెడ్డెమ్మ ఒక గుక్క తాగింది. గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

"నాలుగేండ్ల బిడ్డ అది. మా ఓబులమ్మను అమ్మా అనే పిలుచ్చాదంట. ఆ పొద్దు మేడం వాళ్లు బయటికి పోయినారు. బిడ్డకు ఫిట్స్ వచ్చినాయి. ఫోన్ చేస్తే ఎత్తలే. ఇది తలుపు గూడ వెయ్యకుండా, బిడ్డను పైటలో చుట్టుకోని పరిగెత్తింది. వీధి చివర ఆస్పత్రి. ఇసక కాలి బొబ్బలొచ్చినాయంట కాళ్లకు." ఇంకో గుక్క. "మేడం వచ్చి చూస్తే తలుపులు తెరిచి ఉండాయి, ఇది లేదు, బిడ్డ లేదు. పోలీసులకు చెప్పేసింది. ఆస్పత్రి కాడ దీన్ని కాగితాలు అడిగితే, అవి మేడం బీరువాలో ఉండె."

"బిడ్డ?" తస్లీమా అడిగింది.

"బతికింది. ఆస్పత్రి చీటీలో దీని పేరే ఉండాదంట, తెచ్చినోళ్లు అని. నిన్న ఫోన్లో ఓబులమ్మ నన్నడిగింది ఒకటే. అక్కా, బిడ్డ నాకోసం ఏడుస్తాందేమో ఎవురినన్నా కనుక్కోమని."

గ్లాసు ఖాళీ అయింది.

ఉస్తాద్ పెన్ను తిరిగి ఇచ్చాడు. తస్లీమా కొత్త కాగితం తీసుకుంది. నోట్‌బుక్ తెరవలేదు. బిడ్డ గురించి రాసింది, తెరిచిన తలుపు గురించి, ఆస్పత్రి చీటీ గురించి, బీరువాలోని కాగితాల గురించి రాసింది. క్షమించమని ఎక్కడా రాయలేదు. రాసింది తెలుగులో చదివి వినిపించింది. రెడ్డెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ప్రతి ముక్కకూ తలూపింది. చివర వేలిముద్ర వేసింది. రెండూ నలభైకి కాగితం చేత పట్టుకుని బండి దగ్గరికి పరుగెత్తింది.

తస్లీమా ఆమె వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అలవాటుకొద్దీ నోట్‌బుక్ తెరిచింది. 'ర్యాన్' పేజీ. 'టు' పక్కన ఇరవై తొమ్మిదిని ముప్పై చెయ్యబోయింది. పెన్ను కాగితానికి ఆనించి ఆగిపోయింది. ఆ ఇరవై తొమ్మిది మంది ఎవరో, చేతుల్లో ఏం పట్టుకుని పరుగెత్తారో, ఒక్కరి సంగతి కూడా గుర్తులేదు.

"లెక్క తప్పిందా బిడ్డా?" చాప మీద నుంచి ఉస్తాద్ అడిగాడు.

"లేదు ఉస్తాద్. సరిగ్గానే ఉంది."

ఆయన కుర్చీ తిరిగి అడగలేదు.

గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు, చేతిలో చుట్టిన కాగితాలు.

"బిర్రన రాసియ్యమ్మా, నాకు బస్సుండాది."

తస్లీమా కూజా ఎత్తింది.

"కూర్చో తాతా. ముందు నీళ్లు తాగు."