పీకలో రూపాయి

భద్రాచారి మాస్టారు ఇంద్రజాలం నేర్పేటప్పుడు చేతివాటం కన్నా ముందు ఒక మాట నేర్పేవారు. ఎవరైనా "ఇది మంత్రమా?" అని అడిగితే "కాదండీ, కనికట్టు" అని చెప్పి తీరాలి. నవ్వుతూ చెప్పొచ్చు, కానీ చెప్పి తీరాలి. బొబ్బిలిలో ఆయన దగ్గర నేర్చుకుంటున్న మా అందరికీ ఇది ఉత్త చాదస్తంగా తోచేది. చాదస్తమని పైకి అనే తెగువ ఒక్క కొండబాబుకే ఉండేది.

"మంత్రమంటే తప్పేముంది మాస్టారూ?" అన్నాడొక ఉదయం, మేమంతా సాధనకు కూర్చున్నప్పుడు. "కనికట్టు అనగానే జనం మొహాలు వాడిపోతున్నాయి. నిన్న చెవులు కుట్టే ఫంక్షన్లో అమ్మవారి మంత్రమని చెప్పాను. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈ రోజుల్లో నిజంగా నమ్మేవాళ్ళెవరండీ?"

మాస్టారు వాదనకు దిగే మనిషి కాదు. "నిన్న ఏం చేశావో చేసి చూపించు" అన్నారు.

మాస్టారు తన చేత్తో చేసిచ్చిన పరికరమే అది. ఎలాస్టిక్ తాడు ఒక కొసను చొక్కా లోపల భుజం దగ్గర పిన్నీసుతో బిగిస్తారు. రెండో కొసన చిన్న రేకు క్లిప్పు. దాన్ని అరచేతిలోకి లాగి పట్టుకుని, రూపాయి బిళ్ళ ఇరికించి వదిలేస్తే, రెప్పపాటులో చొక్కా చేతిలోకి దూరిపోతుంది. అంతే సంగతి. కొండబాబు బిళ్ళను నోట్లో వేసుకున్నట్టు నటించి, గుటక వేసి, ఖాళీ చేతులు చూపించాడు. తర్వాత నా పీక నిమిరి, రెండో చేతిలో దాచుకున్న మరో బిళ్ళను అక్కడినుంచే లాగినట్టు బయటికి తీశాడు. నిన్న చెవులు కుట్టించుకున్న పాప పీకలోంచీ ఇలాగే తీశాడట.

"నువ్వు నిజంగా మింగలేదని ఆ పాపకి చెప్పావా?" అనడిగారు మాస్టారు.

కొండబాబు పకపకా నవ్వాడు. వాడి నవ్వు ఆగకముందే వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలామె పిల్లను చంకనేసుకుని పరుగున లోపలికొచ్చింది. చెవులకు పసుపు ఇంకా ఆరని పాప. నోటినుంచి చొంగ ధారగా కారుతోంది. ఏడవబోయి ఏడవలేక గుడ్లు తేలేస్తోంది. వెనకాలే ఆటో తోలుకొచ్చిన తండ్రి గౌరీసు.

"బాబూ, మా మనవరాలు నీలాగే రూపాయి మింగేసింది!" అంటూ ఆ ముసలామె, పైడమ్మ, పిల్లను తెచ్చి కొండబాబు ఒళ్ళో పడేసింది. "నిన్న అందరి ముందరా తీసేవు కదేటి! తీసీ బాబూ, నీకు పుణ్ణెముంటాది!"

కొండబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆస్పత్రికే బయల్దేరామనీ, మంత్రగాడుండగా ఆస్పత్రెందుకని దారిలో తన తల్లే ఆటో ఇటు తిప్పించిందనీ గౌరీసు తడబడుతూ చెప్పాడు.

"అమ్మా, అది మంత్రం కాదమ్మా!" కొండబాబు గబగబా చొక్కా విప్పి తాడు, క్లిప్పు లాగి చూపించాడు. "ఇదిగో, ఇదే! బిళ్ళ దీంట్లోకి పోతుంది. పాప పీకలోంచి నేనేం తియ్యలేదు. ఒట్టు! ఆస్పత్రికి తీసుకుపొండి!"

పైడమ్మ ఆ తాడును కళ్ళకద్దుకుంది. "ఇంత మహిమున్న తాడెట్టుకుని మాకు సెయ్యవేటి బాబూ? ఏం కావాలో అడుగు. ఇస్తాం" అంది.

కొండబాబు ఒట్లు వేస్తున్న కొద్దీ ఆవిడ దండాలు ఎక్కువయ్యాయి. పిల్ల ఊపిరి గరగరలాడింది. మేం ఏం చెయ్యాలో తెలియక మాస్టారి వైపు చూశాం. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"ఈ మంత్రం ఇక్కడ పారదమ్మా" అన్నారు గట్టిగా. "ఆస్పత్రి బల్ల మీదే పారుతుంది. డాక్టరు చెయ్యి పెట్టాలి, మా వాడు గుమ్మం దగ్గర చదవాలి. దారిలో పిల్లకి ఏమీ పెట్టకూడదు, చుక్క నీళ్ళు కూడా. ఎక్కండి!"

మాస్టారి నోట మంత్రమన్న మాట! మా చెవులను మేమే నమ్మలేకపోయాం. పైడమ్మ మాత్రం మరో మాట లేకుండా ఆటో ఎక్కేసింది. కొండబాబును రెక్క పట్టుకుని మాస్టారే ఎక్కించారు. మేం సైకిళ్ళ మీద వెంటబడ్డాం.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే బిళ్ళ పీకలో అడ్డంగా కనిపించింది. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో కూడా ఉండేది కాదని డాక్టరమ్మ గౌరీసును కేకలేసింది. పాపకు మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దింపి, బిళ్ళ బయటికి తీసింది. తలుపు బయట కొండబాబు గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తూనే ఉన్నాడు. పైడమ్మకు అదే మంత్రంలా వినిపించిందేమో, పక్కనే చేతులు జోడించి నిలబడింది.

పాప కళ్ళు తెరిచిందని కబురు రాగానే ఆవిడ డాక్టరమ్మ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా వచ్చి కొండబాబు కాళ్ళ మీద పడింది.

"బతికించేవు బాబూ! మా ఈదిలో ఇంకో పిల్లకి మూర్ఛలొస్తన్నాయి. డాక్టరు మాత్తర్లు మాన్పించీసి, రేపు నీకాడికే తీసుకొచ్చీమని ఆళ్ళమ్మకి సెప్తాను."

కొండబాబు దిక్కుతోచక మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు పైడమ్మను లేపి బల్ల మీద కూర్చోబెట్టి, తానూ ఆవిడ పక్కనే కూర్చున్నారు. రెండో పక్క చోటు చూపించారు.

"కూర్చో కొండబాబూ. నమ్మించడానికి నీకూ నాకూ చెరో మాట సరిపోయింది. ఆ నమ్మకం మాన్పించడానికి ఎన్ని మాటలు కావాలో చూద్దాం, మొదలుపెట్టు."